ఆరోగ్య న్యాయ డిప్లొమా: గంట లెక్కన వచ్చే గురువులే దాని బలం

ఆసుపత్రుల పరిపాలన విభాగాల్లో పనిచేసేవారికి, డాక్టర్లకు, యువ న్యాయవాదులకు ఉద్దేశించి హైదరాబాదులోని ఒక విద్యాసంస్థ వారాంతాల్లో నడిపే ఏడాది ఆరోగ్య న్యాయ, విధాన డిప్లొమాను ఇటీవల పూర్తి చేశాను. ఇందులో చేరాలా వద్దా అని ఆలోచించేవారికి ఉపయోగపడాలని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. నేను ఎత్తిచూపే లోపాలు ఒక్క సంస్థకే పరిమితమైనవి కావు కాబట్టి, పేరు కన్నా విషయమే ముఖ్యమని అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్సు చేయదగినదే. దాని విలువలో సింహభాగం బయటి నుంచి వచ్చి పాఠం చెప్పే పార్ట్‌టైమ్ అధ్యాపకులది. వారిలో అత్యుత్తములను గుర్తించి గౌరవించే విషయంలో మాత్రం సంస్థ చేయాల్సింది చాలా ఉంది.

ఇక్కడ రెగ్యులర్ అధ్యాపకులు రాజ్యాంగం, టార్టుల (పరిహారం కోరదగ్గ పౌర తప్పుల) చట్టం, ఒప్పందాల చట్టం వంటి పునాది పాఠాలు చెబుతారు. వైద్య నిర్లక్ష్యం, మెడికో లీగల్ కేసులు (పోలీసులకు తెలియజేయాల్సిన గాయాలు, మరణాల వంటివి), ఔషధ నియంత్రణ, ప్రజారోగ్య విధానం వంటి అసలు సబ్జెక్టులన్నీ అదే రంగంలో పనిచేస్తున్నవారు, పనిచేసి రిటైరైనవారు వచ్చి చెబుతారు. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది పాఠాలు చెప్పడానికి మన దగ్గర స్పష్టమైన వెసులుబాటు ఉంది. కేంద్ర ప్రభుత్వం 1979లో తెచ్చిన నియమాల ప్రకారం, రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయవాది న్యాయశాస్త్రం బోధించవచ్చు, దానివల్ల ఆయన ప్రాక్టీసుకు ఇబ్బంది ఉండదు. ఆరోగ్య న్యాయం లాంటి సబ్జెక్టుకు ఈ నియమం పెద్ద వరం. ఈ రంగంలో చట్టం ఒక్క పుస్తకంలో దొరకదు. వినియోగదారుల చట్టంలో కొంత, శిక్షాస్మృతిలో కొంత, వైద్య మండలి నిబంధనల్లో కొంత, మిగిలింది సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉంటుంది. వీటన్నిటినీ కలిపి రోజూ చూసేది వినియోగదారుల కమిషన్ల ముందు వాదించేవారు, వార్డులో సంతకాలు పెట్టినవారు, ఫైళ్లు నడిపినవారు మాత్రమే.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయినవి వైద్య నిర్లక్ష్యంపై ఒక న్యాయవాది చెప్పిన తరగతులు. వినియోగదారుల కమిషన్లలో రోగుల తరఫునా, ఆసుపత్రుల తరఫునా వాదించిన అనుభవం ఆయనది. మొదటి తరగతిలో ఆయన చట్టం పేరు ఎత్తలేదు. రోగి పేరు, ఆసుపత్రి పేరు నల్లసిరాతో కొట్టేసిన ఒక అంగీకార పత్రం నకళ్లు అందరికీ పంచి, ఇందులో ఏమి లేదో చెప్పమన్నారు. సంతకం ఉంది, సాక్షి సంతకం ఉంది, తేదీ ఉంది. అన్నీ సరిగానే ఉన్నాయని అందరూ అనుకున్నాక ఆయన ఒక్కొక్కటే చూపించారు. సంతకం పెట్టిన సమయం లేదు కాబట్టి, మత్తుమందు ఇవ్వకముందు పెట్టారో, ఇచ్చాక పెట్టారో తెలియదు. చేయబోయే చికిత్స అన్న గడిలో “ఆపరేషన్” అని ఒక్క మాట రాసి ఉంది తప్ప ఏ ఆపరేషనో లేదు. ప్రత్యామ్నాయ చికిత్సల గురించి ఒక్క వాక్యం లేదు. పత్రమంతా ఇంగ్లీషులో ఉండగా కింద సంతకం తెలుగులో ఉంది, అయినా రోగికి అర్థమయ్యే భాషలో వివరించామని ఎక్కడా నమోదు కాలేదు. ఆసుపత్రిలో పనిచేసే మేము ప్రతిరోజూ దాదాపు అలాంటి పత్రాలనే ఫైలులో పెడుతుంటాం కాబట్టి, గదిలో ఉన్న నర్సింగ్ సూపరింటెండెంట్లు, రికార్డు గది సిబ్బంది ఆ నకలును మళ్లీ మళ్లీ చూసుకున్నారు.

ఆ కాగితం చేతిలో ఉండగానే ఆయన సమీరా కోహ్లీ కేసులోకి వెళ్లారు. ఢిల్లీలో ఒక అవివాహిత మహిళ తన జబ్బుకు కారణం తెలుసుకోవడానికి చేసే లాపరోస్కోపీకి (చిన్న కోత పెట్టి కెమెరాతో పొట్ట లోపల చూసే పరీక్షకు) అంగీకారం ఇచ్చింది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు ఆమె తల్లి అంగీకారంతో గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు, పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు ఇచ్చిన అంగీకారం కాదని, ప్రాణాపాయం లేనప్పుడు మేజరైన రోగి స్పృహలోకి వచ్చేదాకా ఆగాల్సిందేనని, అప్పుడు తల్లి సంతకం చాలదని తేల్చింది. డాక్టరు ఫీజు వదులుకోవాలని, 25 వేల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఈ తీర్పు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. పుస్తకంలో దొరకనిది, ఆయన ఆ తీర్పును పట్టుకుని మా చేత అంగీకార పత్రాన్ని తెలుగులో కొత్తగా రాయించిన తీరు. మొదటి ముసాయిదాలన్నిటినీ ఎర్ర ఇంకుతో దిద్ది, వచ్చే వారం తిరిగి రాసుకురమ్మన్నారు. ఆ దిద్దుబాటుకు ఆయనకు ఎవరూ పారితోషికం ఇవ్వరు. అక్కడ లెక్క తరగతి గంటలకే.

రికార్డుల పాఠం కూడా అంతే పనికొచ్చింది. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచాలి, రోగి గానీ అధీకృత ప్రతినిధి గానీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఈ మూడు అంకెలనూ బోర్డు మీద ఒక గీతపై పెట్టి, కేసుషీటు ఇవ్వకుండా తిప్పుకున్న ఆసుపత్రికి కమిషన్ ముందు ఎందుకు నష్టం జరుగుతుందో ఆయన వివరించారు. మూడేళ్లు నిండగానే రికార్డులు పారేయడం ఎందుకు తెలివైన పని కాదో, గడువు ఏ రోజు నుంచి లెక్కించాలన్నదే చాలా కేసుల్లో ఎలా వివాదమవుతుందో కూడా చెప్పారు. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్ పరిధి మొదట కోటి రూపాయల దాకా ఉండేదని, 2021 నియమాలతో అది 50 లక్షలకు మారిందని, అదీ అడిగే పరిహారాన్ని బట్టి కాక చెల్లించిన మొత్తాన్ని బట్టి లెక్కించాలని చెప్పినప్పుడు, పాత నోట్సు పట్టుకుని వచ్చిన యువ న్యాయవాదులు ఇద్దరు అక్కడికక్కడే దిద్దుకున్నారు.

ఫోరెన్సిక్ వైద్యం చెప్పినవారు ప్రభుత్వ వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేసి రిటైరైన పెద్దావిడ. మేము ఆమెను మేడమ్ అనే పిలిచేవాళ్లం, ఆమె మాత్రం వయసులో ఎంత చిన్నవారినైనా “మీరు” అనే సంబోధించేవారు. పరమానంద కటారా కేసుతో మొదలుపెట్టారు. రోడ్డు ప్రమాదంలో గాయపడిన స్కూటరిస్టును దగ్గరలోని ఆసుపత్రి చేర్చుకోకుండా, మెడికో లీగల్ కేసులు చూసే మరో ఆసుపత్రికి వెళ్లమంది. ఆయన దారిలోనే చనిపోయారు. 1989లో సుప్రీంకోర్టు, ప్రాణం కాపాడటమే డాక్టరు మొదటి బాధ్యత అని, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతేనని చెప్పింది. ఈ తీర్పు వచ్చి మూడు దశాబ్దాలు దాటినా, క్యాజువాలిటీ ముందు “ఎం.ఎల్.సి. (మెడికో లీగల్) కేసు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి” అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉందని ఆమె బాధతో చెప్పారు.

ఆ తర్వాత గాయం ధ్రువపత్రం రాయించారు. ఒక గాయం ఫొటో చూపించి, పక్కన కొలబద్ద పెట్టి, రాయమన్నారు. “నుదుటిపై పెద్ద గాయం” అని రాసినవారి కాగితం చదివి, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు, కుడి కనుబొమకు ఎంత పైన, అంచులు ఎలా ఉన్నాయి, రక్తం తాజాదా గడ్డకట్టిందా అని అడుగుతూ వెళ్లారు. రెండేళ్ల తర్వాత కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడేది మీరు కాదు, ఈ కాగితమని ఆమె అన్నారు. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్‌ను కూడా ఆమే చెప్పారు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఇతరులకు ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు మాత్రం గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఈ తేడాను జాకబ్ మాథ్యూ తీర్పుతో కలిపి చదవాలని చెప్పారు. 2005 నాటి ఆ తీర్పు డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, దర్యాప్తు అధికారి ముందుగా స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని, ఆరోపణ రాగానే అరెస్టు చేయకూడదని నిర్దేశించింది. ఆ నిపుణుడి అభిప్రాయం ఎలా రాస్తారో, అందులో వృత్తిపరమైన సానుభూతి ఎక్కడ దొంగచాటుగా చొరబడుతుందో, స్వయంగా అలాంటి నివేదికలు రాసిన మనిషి చెప్పగా విన్నాం. అది మామూలు అవకాశం కాదు.

ఔషధ నియంత్రణ తరగతులు తక్కువే అయినా బాగున్నాయి. హైదరాబాదుకే చెందిన నాట్కో కంపెనీకి 2012 మార్చిలో దక్కిన దేశపు తొలి కంపల్సరీ లైసెన్సును (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేయడానికి ఇచ్చే అనుమతిని) ప్రధాన ఉదాహరణగా తీసుకున్నారు. నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలయ్యే క్యాన్సర్ మందును 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలన్న ఆ ఉత్తర్వును పేటెంట్ల చట్టం 84వ సెక్షన్‌లోని మూడు కారణాలతో పోల్చుతూ పూర్తిగా చదివించారు.

ఆరోగ్య విధానం చెప్పిన అధ్యాపకుడు జిల్లా స్థాయిలో ప్రజారోగ్య బాధ్యతలు నిర్వహించిన అధికారి. రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో, ఔషధాలు, వైద్య వృత్తి ఉమ్మడి జాబితాలో ఎందుకున్నాయి, దానివల్ల ఆచరణలో ఏమవుతుంది అన్నది ఆయన చెప్పినంత తేటగా నేను ఎక్కడా వినలేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పక్కపక్కన పెట్టి, ఒకే రోగికి రెండు పథకాలు వర్తించినప్పుడు క్లెయిము ఎలా నడుస్తుందో ఫైలు దారి గీసి చూపించారు.

ఆయన తరగతుల్లో నన్ను కదిలించింది ఖమ్మం పాఠం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో భాగంగా సుమారు 14 వేల మంది బాలికలకు టీకాలు వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకునేవారు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన అంగీకార పత్రాలపై చాలాచోట్ల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఈ పాఠం చెబుతూ ఆయన టీకాకు వ్యతిరేకంగా ఒక్క మాట అనలేదు. మంచి టీకా అయినా సరే, అడగాల్సినవారిని అడగకుండా వేస్తే తర్వాత పదేళ్లు ఆ ఊళ్లలో ఏ టీకా తీసుకెళ్లినా జనం నమ్మరని, చట్టం ఉల్లంఘన విధానాన్నే దెబ్బతీస్తుందని వివరించారు. న్యాయవాది చూపిన అంగీకార పత్రం, ఈ వార్డెన్ల సంతకాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో ఆ రోజు అర్థమైంది.

ఈ ముగ్గురి గురించి ఇంత రాశాను కాబట్టి, పార్ట్‌టైమ్ అధ్యాపకులందరూ ఇలాగే ఉంటారని అనుకోవద్దు. ఆలస్యంగా వచ్చి స్లైడ్లు చదివి వెళ్లినవారూ ఉన్నారు. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయన్న 1995 నాటి వి.పి. శాంతా తీర్పును ముగ్గురు వేర్వేరు తరగతుల్లో మొదటి నుంచీ చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం ఎవరి వాటాలోకీ రాకుండా జారిపోయింది. ఆత్మహత్యాయత్నం చేసినవారిని ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఆ చట్టం ఎంత ముఖ్యమో ఆసుపత్రివాళ్లకు తెలుసు. ఈ లోపం అధ్యాపకులది కాదు. ఎవరు ఏమి చెబుతున్నారో చూసి సమన్వయం చేయాల్సింది సంస్థ. అందరినీ “అతిథులు” అన్న ఒకే వరసలో కూర్చోబెట్టి, బాగా చెప్పినవారికీ చెప్పనివారికీ తేడా చూపని చోట ఇలాంటివి జరగక తప్పదు.

ప్రాస్పెక్టస్‌లో రెగ్యులర్ అధ్యాపకుల పేర్లు, ఫొటోలు, అర్హతలు ఉన్నాయి. మిగతావారి గురించి “ప్రముఖ అతిథి అధ్యాపకులు” అని ఒక్క వాక్యం ఉంది. చివర్లో మాకిచ్చిన అభిప్రాయ పత్రంలో తరగతి గది, ప్రొజెక్టర్, తాగునీటి వసతి గురించి ప్రశ్నలున్నాయి గానీ, ఏ అధ్యాపకుడు ఎలా చెప్పారన్న ప్రశ్న లేదు. రిటైరైన ఆచార్యులు తరగతికి ముందు కూర్చోవడానికి గది లేక కారిడార్‌లోని బెంచీ మీద ఎదురుచూడటం చాలాసార్లు చూశాం. పారితోషికం కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుందని ఆఫీసువాళ్లే చెప్పారు. అతిథి అధ్యాపకులకు గంట తరగతికి 1,500 రూపాయల దాకా, నెలకు 50 వేలకు మించకుండా ఇవ్వవచ్చని యు.జి.సి. (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2019లో చెప్పింది. అది గరిష్ఠ పరిమితి. పాఠం సిద్ధం చేసుకున్న సాయంత్రాలకు, దిద్దిన కాగితాలకు ఆ లెక్కలో చోటు లేదు.

దేశస్థాయిలోనూ వీరికి చోటు తక్కువే. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలను 2023 నుంచి ఉన్నత విద్యకు విస్తరించడం సంతోషకరమే అయినా, అవి పూర్తికాలం బోధించే రెగ్యులర్ అధ్యాపకులకు ఉద్దేశించినవి. 2022లో యు.జి.సి. తెచ్చిన “ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్” విధానం పీహెచ్‌డీ లేని అనుభవజ్ఞులకు తలుపు తెరిచింది. అయితే అది నియామకానికి సంబంధించిన ఏర్పాటు. ఏళ్ల తరబడి ప్రతి శనివారం వచ్చి బాగా చెబుతున్న మనిషిని గుర్తించడానికి పనికొచ్చే ఏర్పాటు కాదు. అమెరికాలో కొన్ని లా స్కూళ్లు అడ్జంక్ట్ ప్రొఫెసర్లకు, అంటే బయటి నుంచి వచ్చి బోధించే పార్ట్‌టైమ్ అధ్యాపకులకు, విడిగా బోధనా పురస్కారం ఇస్తాయి. ప్రాక్టీసులో ఉన్నవారి మీద ఎక్కువగా ఆధారపడే ఆరోగ్య న్యాయం లాంటి సబ్జెక్టుకు మన దగ్గర కూడా అలాంటిది ఉండటం సమంజసం.

కోర్సు ముగిశాక మా బ్యాచ్ తరఫున కొందరం డైరెక్టరుగారికి ఒక లేఖ ఇచ్చాం. పార్ట్‌టైమ్ అధ్యాపకుల్లో ఏటా ఒకరికి స్నాతకోత్సవ వేదిక మీద పురస్కారం ఇవ్వాలని కోరాం. ఎంపికను తరగతి చివరి రోజు చప్పట్లను బట్టి కాకుండా, ఏడాది క్రితం చదివి వెళ్లిన విద్యార్థులను అడిగి చేయాలన్నాం. ఏ పాఠం ఉద్యోగంలో పనికొచ్చిందో అప్పటికి వారికి తెలుస్తుంది. సరదాగా మాట్లాడేవారికీ గట్టిగా నేర్పేవారికీ తేడా కూడా అప్పుడే బయటపడుతుంది. ఇతర అధ్యాపకులు ఒక తరగతిలో కూర్చుని చూడటం, దిద్దిన అసైన్‌మెంట్లను పరిశీలించడం కూడా ఎంపికలో భాగం కావాలన్నాం. శాలువా, జ్ఞాపికతో ఆపకుండా, ఎంపికైనవారికి పాఠ్యప్రణాళిక సంఘంలో ఓటు ఉన్న సభ్యత్వం ఇవ్వాలని అడిగాం. మానసిక ఆరోగ్య చట్టం లాంటి ఖాళీలను కనిపెట్టగలిగేది వారే. అందరికీ ప్రాస్పెక్టస్‌లో పేరు, లైబ్రరీ ప్రవేశం, దిద్దుబాటుకు విడిగా పారితోషికం, కూర్చోవడానికి ఒక గది కల్పించడం పురస్కారం కన్నా ముందు జరగాలని కూడా రాశాం. డైరెక్టరుగారు లేఖను శ్రద్ధగా చదివారు. అభిప్రాయ పత్రం మార్చడానికి, పేర్లు ప్రచురించడానికి అక్కడే ఒప్పుకున్నారు. పురస్కారం విషయం పాలకమండలి ముందు పెడతామన్నారు.

ఇక మిగతా విషయాలు. ముద్రించి ఇచ్చిన పాఠ్యసామగ్రి పాతది, కొత్త శిక్షాస్మృతి సెక్షన్లు అందులో లేవు. పరీక్ష పద్ధతి జ్ఞాపకశక్తిని కొలిచేదిగా ఉంది గానీ, తరగతిలో నేర్పిన పనిని కొలిచేదిగా లేదు. ఫీజు ఇలాంటి కోర్సులతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. ఆఫీసు సిబ్బంది మర్యాదగా ఉంటారు.

మెడికల్ రికార్డుల విభాగంలో, నర్సింగ్ పర్యవేక్షణలో, బీమా క్లెయిముల్లో పనిచేసేవారికి, వినియోగదారుల కమిషన్లలో ప్రాక్టీసు మొదలుపెట్టాలనుకునే న్యాయవాదులకు ఈ కోర్సును గట్టిగా సిఫారసు చేస్తాను. డిప్లొమాతో కోర్టులో వాదించే అర్హత రాదు. దానికి న్యాయశాస్త్ర పట్టా, బార్ కౌన్సిల్ నమోదు ఉండాల్సిందే. ఈ కోర్సైనా, ఇలాంటి మరో కోర్సైనా ఫీజు కట్టేముందు, రాబోయే ఏడాది ఏ సబ్జెక్టు ఎవరు చెబుతారో పేర్లతో జాబితా అడగండి. అంతకుముందు బ్యాచ్‌లో చదివినవారు ఇద్దరితో మాట్లాడండి. వీలైతే ఒక శనివారం తరగతిలో కూర్చోనివ్వమని అడగండి, మా సంస్థలో దానికి అభ్యంతరం చెప్పరు. జాబితాలో వైద్య నిర్లక్ష్యం, ఫోరెన్సిక్ తరగతులు చెప్పేది ఆ పనిలో ఏళ్లు గడిపినవారే అయితే నిస్సంకోచంగా చేరవచ్చు.